ఉన్న పొదుపంతా ఊడ్చి పెట్టకండమ్మా

ప్రశ్న: మాకు పెళ్లై నాలుగు నెలలైంది. ఇంకో మూడు నెలల్లో ఒక మిషన్ సంస్థ తరఫున వేరే దేశానికి సేవకు వెళ్తున్నాం. నెల ఖర్చులో 70 శాతానికి కానుకలు పంపుతామని హామీలు వచ్చాయి, అందులో సగం ఒక్క సంఘానిదే. పెళ్లికి ముందు ఉద్యోగం చేసి నేను దాచుకున్నది అక్కడి 14 నెలల ఖర్చుకు సరిపోతుంది. తక్కువ పడేది దాంట్లోంచి తీద్దాం, తర్వాత ప్రభువే చూసుకుంటాడు అంటారు మావారు. కాదంటే నాకు విశ్వాసం లేదనుకుంటారేమోనని భయం.

జవాబు: అమ్మా, ముందు ఆ భయం పక్కన పెట్టండి. మీకు కానుకలు పంపేవాళ్లలో తమ ఖర్చు తగ్గించుకుని ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల డబ్బుకు లెక్క చూసుకోవడంలో అవిశ్వాసం ఏముంది?

ఇప్పుడు లెక్కకే వద్దాం. నెలకు 30 శాతం తగ్గుతోంది కాబట్టి మీ 14 నెలల డబ్బు దాదాపు 46 నెలలు వస్తుందని అనిపిస్తుంది, మీవారి ధైర్యం అక్కడిదే అనుకుంటాను. కానీ ఆ పెద్ద సంఘంలో పాస్టర్ గారు మారినా, వాళ్లు మందిరం కట్టడం మొదలుపెట్టినా ఆ 35 శాతం ఆగిపోవచ్చు, అప్పుడు మీకు తగ్గేది 65 శాతం, అదే పొదుపు 21 నెలల్లో ఖాళీ. పైగా హామీలు ఇక్కడి కరెన్సీలో, అద్దె అక్కడి కరెన్సీలో. అక్కడిది పది శాతం బలపడితే మీ 70 కాస్తా 63 చిల్లర అవుతుంది, ఎవరూ మాట తప్పకపోయినా సరే.

ఇది మీకే వచ్చిన కష్టం కాదు. అమెరికన్ మిషనరీలు ఆదోనిరామ్ జడ్సన్, ఆన్ దంపతులు 1812 ఫిబ్రవరి 5న పెళ్లి చేసుకుని, రెండు వారాలకే అమెరికాలో ఓడెక్కారు. దారిలో బాప్తిస్మం గురించి వాళ్ల అభిప్రాయం మారింది, పసిపిల్లలకు కాదు, విశ్వసించినవాళ్లకే ఇవ్వాలనే బాప్టిస్టుల మాటే సరైనదనుకున్నారు, కలకత్తా చేరాక తమను పంపిన బోర్డుకు రాజీనామా ఇచ్చారు, అంటే ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. 1813 జులైలో రంగూన్ చేరేనాటికి కొత్త సహాయం ఇంకా కుదురుకోలేదు. వాళ్లతోపాటే అభిప్రాయం మార్చుకున్న తోటి మిషనరీ లూథర్ రైస్ అమెరికా తిరిగి వెళ్లి సంఘాలన్నీ తిరిగితే, 1814 మేలో బాప్టిస్టులు ఒక సంస్థగా ఏర్పడి వాళ్ల భారం మోశారు. వాళ్ల విశ్వాసాన్ని ఎవరూ శంకించలేరు, అయినా ఒక మనిషి సంఘం సంఘం తిరిగి అడగాల్సి వచ్చింది.

అందుకని నా మాట ఇది: హామీలు కనీసం 90 శాతానికి చేరి, కాగితం మీద కాకుండా ఖాతాలో వరుసగా మూడు నెలలు పడేదాకా ప్రయాణం ఆపండి. ఆలస్యమైతే కానివ్వండి. మీ 14 నెలల డబ్బులో ఆరు నెలలది అత్యవసరానికి, ఇద్దరి పేరునా, వెంటనే తీసుకోగలిగేలా ఉంచండి. మూడు నెలలది తిరుగు టికెట్లకు, వచ్చాక మళ్లీ నిలదొక్కుకోవడానికి, దీన్ని మాత్రం దేనికీ కదపొద్దు, ఎందుకంటే డబ్బు లేక ఇంటికి రాలేని పరిస్థితిలో ఉన్న జంట సేవ కూడా సరిగ్గా చేయలేదు. రెండు నెలలది అద్దె అడ్వాన్స్‌కు, భాష నేర్చుకునే ఫీజులకు. మిగిలిన మూడు మీ పేరునే దీర్ఘకాలానికి వదిలేయండి, ముసలితనం మిషనరీలకూ వస్తుంది.

ఆరోగ్య బీమా మీకు ఇంకా ముఖ్యం. కొత్తగా పెళ్లైనవాళ్లు కదా, చాలా పాలసీల్లో కాన్పు ఖర్చుకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, గర్భం వచ్చాక తీసుకుంటే పనికిరాదు. అక్కడ పెద్ద ఆసుపత్రి దగ్గర్లో లేకపోతే విమానంలో తరలించే ఖర్చు కూడా పాలసీలో ఉండాలి. మీరు అక్కడ ఏదో ఆన్‌లైన్ పని చేసుకోవచ్చులే అనుకుంటే, భర్త వీసాను బట్టి భార్యకిచ్చే డిపెండెంట్ వీసా మీద దానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి, చాలా దేశాల్లో ఉండదు. పన్ను కూడా అంతే, ఏడాదిలో 183 రోజులు దాటితే తమ దేశపు నివాసిగా లెక్కేసే దేశాలు ఎన్నో ఉన్నాయి.

ఒక చిన్న విషయం, కానీ నా దగ్గరికి వచ్చిన ఒక జంటను ఏడిపించింది. అద్దె కట్టాల్సిన రోజు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, ఓటీపీ రాలేదు. ఇక్కడి సిమ్ రీచార్జ్ చేయక ఆగిపోయింది, ఖాతా భర్త ఒక్కడి పేరు మీదే, ఆయనేమో నెట్‌వర్క్ లేని గ్రామంలో ఉన్నాడు. ఖాతాలో డబ్బుంది, చేతికి మాత్రం రాలేదు. మీరిద్దరూ విడివిడిగా కార్డులు పెట్టుకోండి, ఇక్కడ నమ్మకస్తులొకరికి సంతకం అధికారం రాసివ్వండి, నామినీలు పెళ్లికి ముందువి అయితే మార్చండి.

సేవకని వచ్చిన డబ్బు, మీ ఇంటి డబ్బు ఒకే ఖాతాలో కలపకండి. ఎవరైనా పిల్లల పుస్తకాలకని పంపితే అది పుస్తకాలకే పోవాలి, నెలాఖరులో ఎంత ఇరుకున పడ్డా సరే.

మీవారితో మాట్లాడేటప్పుడు 'నా డబ్బు' అని మొదలుపెట్టకండి, ఈ 46, 21 నెలల లెక్క కాగితం మీద వేసి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూడండి. ఆ తర్వాత ఈ వారంలోనే ఇద్దరి సంతకాలతో పెద్ద సంఘానికి ఒక ఉత్తరం రాయండి: సాయం ఎన్నేళ్లు, ఆపాల్సి వస్తే ఎన్ని నెలల ముందు చెబుతారు అని. జవాబు వచ్చేదాకా టికెట్లు బుక్ చేయకండి.