బెల్టు కొనే ముందు టేపు తియ్యి

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. "మావయ్యా, అమ్మని నడుముకి ఆసరాగా కట్టే ఎల్‌ఎస్ (లంబో-సేక్రల్) బెల్టు పెట్టుకోమన్నారు డాక్టరుగారు, మీడియం తీసుకోనా, లార్జ్ తీసుకోనా?" అని అడిగావు, కొలతలు మాత్రం ఒక్కటీ రాయలేదు. ముప్పై ఏళ్ళు జనం నడుములకి టేపు చుట్టినవాణ్ణి, నాకే తెలియదురా ఆ సంగతి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి లార్జ్ అవుతుంది. ఆ అక్షరాల్ని ముందు బుర్రలోంచి తీసెయ్. నాకు కావలసింది ఇంచులు.

ప్యాంటు సైజు చూసి కొనేస్తే సరిపోతుందని మాత్రం అనుకోకు. ఈ పనిలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను. ఒకాయన తన ప్యాంటు 34 అన్నాడు. నేను టేపు తియ్యకుండానే 34కి సరిపోయే బెల్టు కట్టి పంపేశాను. వారం తిరిగేసరికి వెనక్కి వచ్చాడు, పక్కటెముకల కింద ఎర్రగా కమిలిపోయి. అప్పుడు కొలిస్తే బొడ్డు దగ్గర 38న్నర! ప్యాంటు మనం పొట్ట కింద కట్టుకుంటాం. పైగా దాని మీద వేసిన అంకె కన్నా అసలు నడుము కొలత ఎక్కువే ఉంటుంది చాలాసార్లు. ఆ రోజు తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే.

కొలవడానికి బట్టలు కుట్టేవాళ్ళు వాడే మెత్తటి టేపు కావాలి. ఇనప టేపు వద్దు, అది ఒంటికి ఒదగదు. అమ్మని పల్చటి బనియన్ లాంటిది ఒక్కటే ఉంచుకుని నిలబడమను. నడుం దగ్గర ముడులు, బొందులు, మందపాటి మడతలు ఏవీ ఉండకూడదు. పాదాల మధ్య జానెడు ఎడం, చేతులు పక్కకి వదిలేసి, చూపు ఎదురుగా. టేపు బొడ్డు మీదుగా వెళ్ళాలి. వెనక వైపు కిందకి జారకుండా నేలకి సమానంగా ఉందో లేదో అద్దంలో చూడు, లేదా ఇంకొకరిని చూడమను. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. ఇక అసలు చిక్కు ఇక్కడే. మా అక్క సంగతి నాకు తెలుసు. టేపు కనబడగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటుంది. కబుర్లలో పెట్టు. మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత అంకె చూడు. రెండుసార్లు కొలువు. రెండింటికీ అర ఇంచి కన్నా తేడా వస్తే మూడోసారి కొలువు.

ఇది మొదటి అంకె. రెండోది తుంటి దగ్గర, పిరుదులు బాగా ఎత్తుగా ఉన్న చోట. కొన్ని కంపెనీలు బొడ్డు కొలతే అడుగుతాయి, కొన్ని తుంటి కొలత అడుగుతాయి. అందుకని రెండూ దగ్గర పెట్టుకో. చార్టు సెంటీమీటర్లలో ఉంటే ఇంచుల్ని 2.54తో హెచ్చించు. ఇంచులనుకుని సెంటీమీటర్లు చదివి కొన్నవాళ్ళని నేను కళ్ళారా చూశాను, నవ్వకు.

చాలామంది చుట్టుకొలతతోనే ఆగిపోతారు. నొప్పి పెట్టించేది మాత్రం ఎక్కువగా బెల్టు ఎత్తు. అమ్మని గట్టి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టు. ముందు వైపు అడుగు పక్కటెముక అంచు నుంచి తొడ మడత పడే చోటు దాకా ఎంత ఉందో కొలువు. బెల్టు ముందు భాగం అంతకన్నా తక్కువ ఎత్తు ఉండాలి, పైనా కిందా కాస్త ఖాళీ మిగలాలి. లేకపోతే కూర్చున్న ప్రతిసారీ పైఅంచు పక్కటెముకల్ని, కిందఅంచు తొడని పొడుస్తుంది. అమ్మ పొట్టి మనిషి కదా, ఆవిడకి ఈ కొలతే ముఖ్యం. వెనక వైపు కింది అంచు పిరుదుల పైభాగం దాకా దిగాలి. రెండు పక్కలా తుంటి ఎముకల పైఅంచులు చేతికి తగులుతాయి చూడు, ఆ రెండింటినీ కలిపే గీత వెనక నాలుగో నడుము పూస దగ్గరికి వస్తుంది. బెల్టు ఆ ఎముకల్ని కూడా కలుపుకుని పట్టాలి. పైకెక్కి పొట్ట మీద కూర్చున్న బెల్టుతో ఉపయోగం లేదు.

రెండు సైజుల మధ్య పడితే నేనైతే పెద్దదానివైపే మొగ్గుతాను. పెద్దదాన్ని కాస్త బిగించుకోవచ్చు, చిన్నదాన్ని సాగదీసి పెంచలేం. కానీ మరీ పెద్దదైతే ముందు చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పక్కకి తిరిగిపోతాయి, దాంతో వెనక బద్దలు చోటు మారతాయి. మూసినప్పుడు వెల్‌క్రో కనీసం నాలుగు వేళ్ళ వెడల్పు పట్టుకోవాలి. అంచు మీదే అతుక్కుంటే దగ్గినప్పుడే ఊడొస్తుంది.

బద్దలన్నాను కదా, బెల్టు వెనక నిలువుగా ఉండే సన్నటి లోహపు పట్టీలవి. అవి వెన్నుపూసల మీద కాదు, వెన్నుకి రెండు పక్కలా కండ మీద ఆనాలి. వెనక్కి వేళ్ళు పోనిచ్చి తడిమితే తెలుస్తుంది. అల్యూమినియంవి అయితే చేత్తో కొంచెం వంచవచ్చు. నడుము దగ్గర సహజంగా ఉండే లోపలి వంపుకి తగ్గట్టు వంచాలి. కొత్త బెల్టులో తిన్నగా ఉన్న బద్దని అలాగే వదిలేస్తే నడుముకీ దానికీ మధ్య సందు మిగిలిపోతుంది, పైనా కిందా మాత్రం గుచ్చుకుంటుంది. స్ప్రింగ్ స్టీలువి చేత్తో వంచినా మళ్ళీ మామూలైపోతాయి, వాటి జోలికి పోకు.

పెట్టుకున్నాక అమ్మ చేత మూడు పనులు చేయించు: పది నిమిషాలు కూర్చోవాలి, కాస్త నడవాలి, గట్టిగా ఊపిరి పీల్చాలి. పీల్చుకోలేకపోతే బిగువు ఎక్కువైంది. బెల్టుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, పిడికిలి దూరకూడదు. పక్కన సాగే పట్టీలున్న రకమైతే ముందు మెయిన్ పట్టీ అతికించి, తర్వాత రెండు పక్కల పట్టీలూ ఒకేసారి, ఒకే బలంతో ముందుకి లాగాలి. ఒక పక్క ఎక్కువ లాగితే బెల్టు మెలిపడుతుంది.

లోపల కుట్లు లేని నూలు బనియన్ వేసుకోమను, ఒట్టి ఒంటి మీద వద్దు. మొదటి రోజు గంటో రెండు గంటలో చాలు. విప్పాక చర్మం చూడు. ఎరుపు అరగంటలో పోతే ఫర్వాలేదు. ఆ తర్వాత కూడా ఉంటే, లేదా ఎముక మీద ఎర్రబడితే, కొలతో చోటో తప్పింది. ఓర్చుకుంటే అలవాటవుతుందని చెప్పేవాళ్ళ మాట వినకు. ఎన్ని గంటలు, ఎన్ని వారాలు అన్నది డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకో. ఆయన చెప్పకుండా రాత్రి నిద్రలో పెట్టవద్దు. అమ్మకి హెర్నియా, ఛాతీలో మంట, ఆయాసం లాంటివి ఉంటే ఆయనకి ముందే చెప్పు, బెల్టు పొట్టని నొక్కుతుంది కదా.

మెసేజ్ చివర్లో "నాకూ ఒకటి తీసుకుందామా, ఆఫీసులో కూర్చుని కూర్చుని నడుం లాగేస్తోంది" అన్నావు. నీకొద్దు. ఈ బెల్టు పూసల్ని కదలకుండా కట్టిపడేస్తుందనుకుంటారు జనం. అది చేసేదల్లా పొట్టని కాస్త నొక్కి ఆసరా ఇవ్వడం, నువ్వు అడ్డదిడ్డంగా వంగబోతే గుర్తు చెయ్యడం. ఇంగ్లండులో వైద్యులకి సూచనలిచ్చే నైస్ సంస్థ 2016లో మామూలు నడుము నొప్పికి బెల్టులు ఇవ్వవద్దనే చెప్పింది. అమెరికాలో దుకాణాల్లో సరుకులు మోసే 9 వేల మందికి పైగా ఉద్యోగుల్ని గమనించి 2000లో వెలువరించిన అధ్యయనంలో కూడా, రోజూ బెల్టు పెట్టుకున్నవాళ్ళకీ అరుదుగా పెట్టుకున్నవాళ్ళకీ నడుము నొప్పిలో తేడా కనబడలేదు. అమ్మ సంగతి వేరు. ఆవిడని పరీక్ష చేసి, కారణం చూసి, కొన్నాళ్ళకని డాక్టరుగారు చెప్పారు. నువ్వు గంటకోసారి లేచి నడువు, ఫిజియోథెరపిస్ట్ దగ్గర నాలుగు వ్యాయామాలు నేర్చుకో. కాళ్ళల్లో తిమ్మిరి పెరుగుతున్నా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా బెల్టు గురించి ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి పో. అది అమ్మకైనా సరే, నీకైనా సరే.

ఇంకోటి. డాక్టరుగారు రాసింది ఎల్‌ఎస్ బెల్టేనా, టేలర్ బ్రేసా? చీటీ మళ్ళీ చూడు. టేలర్ బ్రేస్ భుజాల దాకా వస్తుంది, పట్టీలు చంకల కిందుగా పోతాయి, పూస విరిగినప్పుడూ అలాంటివాటికీ రాస్తారు. దానికి వీపు పొడవు కూడా కావాలి, అది నువ్వు ఇంట్లో కొలిచి తెప్పించేది కాదు. ఆర్థోటిస్ట్, అంటే ఇలాంటి బ్రేసులు కొలిచి అమర్చే నిపుణుడి దగ్గరికి అమ్మని తీసుకెళ్ళి ఆయన చేతే బిగించుకోవాలి. పిల్లల్లో వెన్ను పక్కకి వంగితే వేసే బ్రేస్ కూడా అంతే, ఒంటి అచ్చుకి తగ్గట్టు చేస్తారు, పిల్ల ఎదిగేకొద్దీ మారుస్తారు.

ఉతికేటప్పుడు బద్దలు తీసెయ్, వెల్‌క్రో మూసేసి చేత్తో ఉతుకు, నీడలో ఆరెయ్. వెల్‌క్రో తెరిచి ఉంచితే దారాలన్నీ దానికే చుట్టుకుంటాయి.

సాయంత్రం కొలిచి పంపు: బొడ్డు దగ్గర, తుంటి దగ్గర, కూర్చున్నప్పుడు ముందు ఎత్తు. వాటితో పాటు అమ్మ కుర్చీలో కూర్చున్నప్పుడు పక్క నుంచి ఒక ఫోటో. నువ్వు చూసిన బెల్టు సైజు చార్టు కూడా పెట్టు. ఆర్డరు మాత్రం నేను చెప్పేదాకా నొక్కకు, వెనక్కి తీసుకుంటారో లేదో కూడా కనుక్కుని ఉంచు.

నీ మావయ్య