షాఫ్ట్ దగ్గర చుక్కలు పడుతుంటే...

ప్రశ్న: ట్రాలర్ తరహా పాత పడవ ఒకటి కొనాలనుకుంటున్నాం. ఇంజన్ నడుస్తున్నప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి వెళ్లే చోట నీటి చుక్కలు పడుతున్నాయి. బేరం వదులుకోవాలా?

జవాబు: అక్కర్లేదండీ. గ్లాండ్ ప్యాకింగ్ రకమైతే (నీరు లోపలికి రాకుండా షాఫ్ట్ చుట్టూ తాడు లాంటి చుట్లు, అంటే ప్యాకింగ్, పెట్టి నట్టుతో బిగించే అమరికే గ్లాండ్), షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాల్సిందే. షాఫ్ట్‌ను చల్లబరిచేది ఆ నీరే. చుక్క ఆగేదాకా నట్టు బిగిస్తే ప్యాకింగ్ మాడి గట్టిపడుతుంది, షాఫ్ట్‌కు గాడి పడుతుంది. ఆ గాడి పడ్డాక ఎన్నిసార్లు కొత్త ప్యాకింగ్ వేసినా కారుతూనే ఉంటుంది. కాసేపు నడిపి, ఇంజన్ ఆపి, గ్లాండ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చురుక్కుమంటే బిగువు ఎక్కువైనట్టు.

ఇంజన్ ఆపాక కూడా ధారగా కారుతూ, నట్టు బిగించడానికి మరలు మిగల్లేదంటే ప్యాకింగ్ అరిగిపోయినట్టే. పడవను ఒడ్డుకెక్కించి మార్చండి. పాత చుట్లన్నీ కొక్కెంతో లాగెయ్యాలి. కొత్తవి ఒక్కో చుట్టుగా కోసి, అతుకులు 120 డిగ్రీల ఎడంగా వచ్చేలా పెట్టాలి. పొడుగు ముక్కను స్ప్రింగులా చుట్టేస్తే నీటికి దారి ఇచ్చినట్టే.

అసలు భయపడాల్సింది గ్లాండ్‌ను పట్టి ఉంచే రబ్బరు గొట్టం గురించి. వంచి చూస్తే పగుళ్లు కనిపించినా, కొసకు రెండేసి స్టెయిన్‌లెస్ క్లాంపులు లేకపోయినా, ముందు అది మార్పించండి. అది ఊడితే లోపలికొచ్చే నీటిని పడవలోని పంపులు తోడలేవు.