క్రియాటినిన్ 0.9 ఉంది సరే, మూత్రం రిపోర్టు ఏది?

అడిగిన ప్రశ్న ఇదీ: "లూపస్‌తో కిడ్నీ దెబ్బతిని, బయాప్సీ అయ్యి, మందులు మొదలుపెట్టి రెండేళ్లు. బరువు 60 కిలోలు. ఇప్పుడు క్రియాటినిన్ 0.9, నార్మల్. మందులు ఆపేయొచ్చా?"

ఇంత వివరంగా రాసి మూత్రం రిపోర్టు గురించి ఒక్క ముక్క రాయలేదు. అసలు చిక్కు అక్కడే.

లూపస్ అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే తిరగబడే జబ్బు. కిడ్నీ వడపోత ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్, కానీ అది ఆలస్యంగా నోరు విప్పుతుంది. కొన్ని ఫిల్టర్లు పాడైతే మిగిలినవి అదనపు భారం మోసి లోటు కనబడనివ్వవు. పైగా అది కండ నుంచి వచ్చే పదార్థం, స్టెరాయిడ్లతో కండ కరిగిన మనిషిలో ఎలాగూ తక్కువే ఉంటుంది. ల్యాబ్ వాడు పక్కన అచ్చేసే నార్మల్ రేంజ్ కంటే మీ పాత అంకె ముఖ్యం. 0.6 ఉండే మనిషికి 0.9 వచ్చిందంటే వడపోత సుమారు మూడో వంతు పడిపోయినట్టు. రిపోర్టు మాత్రం నార్మల్ అనే అంటుంది.

లూపస్‌లో కిడ్నీ ముందుగా ఫిర్యాదు చేసేది మూత్రంలో. దెబ్బతిన్న ఫిల్టర్ల గుండా ప్రోటీన్ కారిపోతుంది. చూడాల్సింది మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, అంటే యూపీసీఆర్. పొద్దున లేవగానే పోసిన మూత్రం ఇవ్వాలి. నెలసరి రోజుల్లో, జ్వరంలో, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, బాగా వ్యాయామం చేసిన మర్నాడు ఇస్తే అంకె ఉత్తినే పెరుగుతుంది.

రోజంతటి మూత్రం డబ్బాలో పట్టి ప్రోటీన్ కొలిచే 24 గంటల పరీక్షలో జరిగే తప్పులు ఇన్నీ అన్నీ కావు. ఉదయం 6కి లేచి మొదటిసారి పోసింది పారబోయాలి. గడియారం అక్కణ్ణుంచి మొదలు. మర్నాడు 6కి పోసింది మాత్రం డబ్బాలో కలపాలి. చాలామంది ఈ రెండూ తారుమారు చేస్తారు, లేదా మధ్యలో బయటికెళ్లి ఒకటి రెండు సార్లు వదిలేస్తారు. ఇలా అసంపూర్తిగా పట్టిన డబ్బాకి ప్రోటీన్ 380 మి.గ్రా. వచ్చిందనుకోండి. హద్దు 500 కదా, గండం గడిచిందని ఇంటికెళ్లిపోతారు. అదే కాగితంలో కింది వరుసలో మొత్తం క్రియాటినిన్ 520 మి.గ్రా. అని ఉంటుంది. ఆడవాళ్లకు రోజుకు కిలో బరువుకి 15 నుంచి 20 మి.గ్రా. రావాలి, అంటే 60 కిలోలకు కనీసం 900. దాదాపు సగం మూత్రం డబ్బాలోకి చేరనే లేదన్నమాట. 380ని 520తో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.73, ఇక్కడ హద్దు 0.5. గండం గడవలేదు, డబ్బా నిండలేదంతే. 0.5 దాటి అక్కడే నిలబడితే మళ్లీ బయాప్సీ మాట వస్తుంది.

ఇంతటి పరీక్షని పక్కన పడేసి ప్రతిసారీ ఏఎన్ఏ (లూపస్‌ని గుర్తించడానికి మొదట్లో చేసే రక్తపరీక్ష) రాస్తారు కొందరు. ఒకసారి పాజిటివ్ వచ్చాక దాన్ని మళ్లీ మళ్లీ చేయించి ఒరిగేదేమీ లేదు. జబ్బు తీవ్రతను బట్టి మారే రక్తపరీక్షలు సీ3, సీ4, యాంటీ డీఎస్‌డీఎన్ఏ. ఆ డబ్బు వాటికి పెట్టండి.

ఇక మందులు. బయాప్సీలో మూడు, నాలుగు తరగతుల నెఫ్రైటిస్ (లూపస్ వల్ల కిడ్నీకి వచ్చే తీవ్రమైన వాపు) అని తేలితే రెండేళ్లకు ఆపడం తొందరే. మొత్తం కనీసం 36 నెలలు వాడమంటారు, అదీ జబ్బు పూర్తిగా లొంగితేనే. ముందు స్టెరాయిడ్‌ని రోజుకు 5 మి.గ్రా. లేదా ఇంకా కిందికి తేవాలి. రక్షణ వ్యవస్థను అణిచే మైకోఫెనోలేట్ లాంటివి తగ్గించడం ఆ తర్వాత, నెమ్మదిగా. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం అందరూ వెళ్లిపోయాక కూడా ఉండాల్సిన మందు. జబ్బు తిరగబెట్టకుండా కాసేది అదే. కిలోకి రోజుకు 5 మి.గ్రా. దాటకూడదు. 60 కిలోలకు 300 వస్తుంది, అంటే 200 మాత్ర ఒకరోజు ఒకటి, మర్నాడు రెండు. కళ్లకు భయపడి దాన్ని మానేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. మొదట్లో ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా రెటీనా పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. కిడ్నీ పని తగ్గినవాళ్లకు మాత్రం ఏటా పరీక్ష మొదటి నుంచే, డోసు కూడా తగ్గించాల్సి రావచ్చు.

బీపీ కోసం రామిప్రిల్, లోసార్టాన్ లాంటివి ఇస్తే అవి ప్రోటీన్‌ని కూడా తగ్గిస్తాయి. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే కంగారుపడి ఆపకండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం వెంటనే డాక్టర్‌ని అడిగి, అవి తగ్గేదాకా ఈ బీపీ మాత్రలు ఆపాల్సి రావచ్చు. కీళ్లు నొప్పులని కిడ్నీని దెబ్బతీసే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా మింగేస్తే ఈ కష్టమంతా బూడిదలో పోసినట్టే.

పిల్లల కోసం చూస్తుంటే లెక్క వేరు. జబ్బు కనీసం ఆరు నెలలు నిద్రాణంగా ఉండాలి. మైకోఫెనోలేట్‌ని గర్భానికి ఆరు వారాల ముందే ఆపి, గర్భంలో వాడదగిన అజాథయోప్రిన్‌కి మారాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ అప్పుడూ ఆపరు.

బయాప్సీలో ఏ తరగతి అన్నారో, ఈ రెండేళ్ల యూపీసీఆర్ అంకెలు తేదీలతో సహా ఇక్కడ పెట్టండి. అవి లేకుండా ఆపొచ్చని చెప్పేవాళ్ల మాట వినకండి, నాతో సహా.