పొలం అమ్మి పైలట్‌ను చేశారు, ఇప్పుడు జీతం కోత అంటున్నారు

ప్రశ్న: మాది హాలియా. మా ఆయన చిన్న పట్టణాలకు విమానాలు నడిపే కంపెనీలో కో-పైలట్. ఆయన ట్రైనింగ్ కోసం మామయ్య సాగర్ ఎడమ కాల్వ కింద రెండెకరాలు అమ్మారు. దానికి తోడు బ్యాంకు లోన్ ఉంది. ఇప్పటిదాకా విమానం తక్కువ గంటలు నడిపినా నెలకు కనీసం 70 గంటల జీతం గ్యారంటీగా వచ్చేది. దాన్ని 40 గంటలకు తగ్గిస్తాం, వారంలో సంతకం పెట్టమని కంపెనీ ఒత్తిడి చేస్తోంది. మామయ్య "పెట్టెయ్ బిడ్డా" అంటున్నారు, తోటి పైలట్లు వద్దంటున్నారు. ఆయనకు నిద్ర లేదు, నాతో మాటల్లేవు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, జీతం సంగతి తర్వాత, ముందు ఆయన నిద్ర. నిద్రపట్టని రాత్రి గడిస్తే పొద్దున డ్యూటీకి వెళ్లకూడదు. "ఈ రోజు ఫిట్‌గా లేను" అని చెప్పడం పైలట్ బాధ్యత. ఈ గొడవ మధ్యలో అలా చెబితే కంపెనీ మనసులో పెట్టుకుంటుందని భయం ఉండొచ్చు. అయినా చెప్పాల్సిందే, వెనక ప్రయాణికులున్నారు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఆయన టెన్షన్ మామయ్యకు ఎందుకు అర్థం కావడం లేదంటే, ఇది మామూలు నౌకరీ లాంటిది కాదు. కో-పైలట్‌కు నడిపిన గంటలే ఆస్తి. కమాండర్, అంటే విమానానికి ప్రధాన పైలట్ కావాలంటే ఏటీపీఎల్ అనే పెద్ద లైసెన్సు ఉండాలి, దానికి 1500 గంటలు కావాలి. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే ఆ లెక్క అక్కడే ఆగిపోతుంది. పోనీ మానేద్దామంటే, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. కంపెనీ ధైర్యమంతా ఇదే.

సంతకం విషయంలో నా మాట సూటిగా చెబుతాను. కోత ఎన్ని నెలలు, పాత జీతం మళ్లీ ఏ తేదీ నుంచి, కంపెనీతో రాసుకున్న బాండు ఏదైనా ఉంటే అందులో ఇంకేమైనా మారుతుందా, ఇవన్నీ రాతపూర్వకంగా అడగాలి, అదీ తోటి పైలట్లతో కలిసి. తేదీ రాసిస్తే ఆలోచించవచ్చు. రాయకపోతే పెట్టొద్దు. పెట్టే ముందు ఆ కాగితం ఒకసారి లాయరుకు చూపించండి. బ్యాంకుకు మాత్రం కిస్తీ తప్పకముందే వెళ్లండి. 90 రోజులు దాటితే లోన్ మొండిబాకీ లెక్కలోకి పోతుంది, అప్పుడు వాళ్లు మాట వినరు.

ఇక నాకు కనబడుతున్న అసలు ముడి ఆ రెండెకరాలు. జీతం తగ్గితే నాన్న పొలం వృథా చేశానని ఆయన లోపల కుమిలిపోతున్నారేమో. మామయ్య "పెట్టెయ్" అన్నది కొడుకు మీద ప్రేమతోనే. కొడుక్కి మాత్రం అది లెక్క అడిగినట్టు వినిపిస్తుంది. దీన్ని మీరు ఎంత ఓదార్చినా తీర్చలేరమ్మా, ఆ తండ్రే తీర్చాలి. ఆయన సెలవుకు వచ్చేలోపు మామయ్యతో మీరొక్కరే కూర్చోండి, నిద్ర లేదన్న సంగతి దాచకుండా చెప్పండి. "పొలం నా ఇష్టంతోనే అమ్మిన, నువ్వు నాకు బాకీ లేవు" అని కొడుకుతో ఒక్కసారి అనమనండి. ఫోన్లో వద్దు, ఎదురుగా కూర్చోబెట్టుకుని.