ఆరు కిలోల "వెండి" తీసుకుని ప్లాట్‌లో వాటా వదిలేయాలా?

కాకినాడ నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది: అమ్మ పోయాక వాటాల మాట వచ్చిందట. తాతగారు మద్రాసులో ఇంగ్లీషు కంపెనీలో పనిచేసినప్పటి టీ సెట్టు, స్పూన్లు, ఫోర్కులు, కత్తులు అన్నీ కలిపి ఆరు కిలోలు తూగాయట. వెండి రేటు బాగుంది కదా, అవన్నీ నువ్వు తీసుకుని అమ్మ పేరు మీదున్న ప్లాట్‌లో నీ వాటాకి రిలీజ్ డీడ్ రాసివ్వు అంటున్నాడట అన్నయ్య. అడుగున ఉన్న గుర్తుల ఫొటోలు కూడా పంపింది.

సంతకం పెట్టకండమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడతా.

ఫొటోలు జూమ్ చేసి చూశా. టీ పాట్ అడుగున నాలుగు చిన్న గడుల్లో ఈ, పీ, ఎన్, ఎస్ అని ఒక్కో అక్షరం, పక్కన చిన్న జెండాలో డబ్ల్యూ అండ్ హెచ్, ఆ పక్కన ఏ1. చటుక్కున చూస్తే హాల్‌మార్కే అనిపిస్తుంది. కానీ ఈపీఎన్‌ఎస్ అంటే నికెల్ సిల్వర్ మీద కరెంటుతో వెండి పూత పోసిన సరుకు, ఆ నికెల్ సిల్వర్ మన బజార్లో దొరికే జర్మన్ సిల్వరే, రాగి నికెల్ జింక్ కలిపి చేస్తారు, లోపల వెండి అస్సలు ఉండదు. జెండా గుర్తు ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అనే ఊళ్ళోని వాకర్ అండ్ హాల్ వాళ్ళది, మంచి పేరున్న కంపెనీయే. ఏ1 మాత్రం పూత గురించి కంపెనీ తనకు తాను ఇచ్చుకున్న గ్రేడు, దాన్ని మన 916 ముద్రలా చూడొద్దు.

పూతలో వెండి ఎంతుంటుందో లెక్క చూడండి. జర్మనీ కంపెనీ డబ్ల్యూఎంఎఫ్ స్పూన్ల మీద 90 అని కొడతారు, డజను పెద్ద స్పూన్లు డజను ఫోర్కులు కలిపి 24 వస్తువులకి 90 గ్రాముల వెండి పూత అని దానర్థం. అంటే ఒక్కోదానికి 3.75 గ్రాములు, అదీ కొత్తగా ఉన్నప్పుడు. మీ ఇంగ్లీషు స్పూన్ల మీద అలాంటి అంకె లేదు గానీ సంగతి ఇంచుమించు అంతే, తొంభై ఏళ్ళు తోమాక ఇంకా తక్కువ. అది విడదీయడానికయ్యే ఖర్చు చూసి ఏ వెండి షాపు వాడూ ముట్టుకోడు. అలాంటిదాన్ని ఆరు కిలోలు ఇంటూ ఈరోజు రేటు అని లెక్కేసి ప్లాట్ వదులుకోమంటే ఎలా చెప్పండి? మీ అన్నయ్యగారు కావాలనే చేశారని నేను అనట్లేదు, ఆయన కూడా చిన్నప్పట్నుంచీ అది వెండే అని విని ఉంటారు.

ఇంకో ఫొటోలో ఫోర్కు వెనక అరిగిన చోట లేత పసుపు కనపడుతోంది, అది నికెల్ సిల్వరే. ఎర్రగా రాగి తేలితే మాత్రం ఆగి చూడాలి, ఎందుకంటే 1743లో థామస్ బోల్‌సోవర్ కనిపెట్టిన పాత షెఫీల్డ్ ప్లేట్ అయ్యుండొచ్చు, రాగి మీద వెండి రేకు కరిగించి అతికించేవాళ్ళు, దానికి కొనేవాళ్ళు వేరే ఉన్నారు. 1840లో బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్ వాళ్ళు కరెంటు పూతకి పేటెంట్ తీసుకున్నాక ఆ పాత పద్ధతి మూలపడింది, పూత సామాను బోలెడంత తయారై మన దేశానికీ చాలా వచ్చింది, అందుకే ఇప్పుడు దానికి అరుదు విలువ లేదు. అయస్కాంతంతో పరీక్ష చేశాం అన్నారు, అది ఇక్కడ పనికిరాదు, వెండీ అంటుకోదు నికెల్ సిల్వరూ అంటుకోదు.

ఇప్పుడు అసలు మంచి మాట. చిన్న పాల జగ్గు అడుగున జెండా లేదు, ఈపీఎన్‌ఎస్ లేదు. నడుస్తున్న సింహం, కిరీటం, ఒక అక్షరం, చేసినవాళ్ళ ఇనీషియల్స్ ఉన్నాయి. సింహం అంటే స్టెర్లింగ్, వెయ్యికి 925 వంతులు వెండి, కిరీటం అప్పటి షెఫీల్డ్ పరీక్ష కేంద్రం ముద్ర, అక్షరాన్ని బట్టి ఏ ఏడాదో తెలుస్తుంది. అది 180 గ్రాములు తూగిందన్నారు కదా, అందులో అసలు వెండి 166 గ్రాముల పైనే. దాన్ని పాత వెండి కింద కాటా వేయించి తరుగు తీయించుకుని అమ్మకండి, వస్తువుగా అమ్మితే ఎక్కువ వస్తుంది.

మిగతా సెట్టుకి విలువ కట్టాలంటే ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు పెట్టిన ధరలు వదిలేయండి, వాళ్ళు ఎంతైనా పెడతారు, వేలంపాటల్లో అదే కంపెనీ అదే డిజైను ఎంతకి అమ్ముడుపోయిందో చూడండి. సెట్టు పూర్తిగా ఉందా, ఒరిజినల్ పెట్టె ఉందా, సొట్టలున్నాయా అన్నదే ధర. ఈలోగా చింతపండు, ముగ్గు, పీతాంబరి పెట్టి మెరిపించొద్దు, ఉన్న పూత కాస్తా పోతుంది. కొత్త పూత కూడా ఇప్పుడే వేయించకండి.

కత్తుల పిడి ఏనుగు దంతంలా ఉంది అన్నారు, అలాగైతే వాటిని అమ్మకానికే పెట్టొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇబ్బంది. డాలస్‌లో ఉన్న అమ్మాయి టీ సెట్టు అడుగుతోందంటున్నారు, వందేళ్ళు దాటిన కళావస్తువుల్ని దేశం దాటించకూడదని అదే ఏడాది వచ్చిన పురావస్తువుల చట్టం చెబుతుంది. అందుకని సూట్‌కేసులో పెట్టేముందు పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదు అనే సర్టిఫికెట్ తీసుకోండి. వారసత్వంగా వచ్చినందుకు మీకు ఇన్‌కమ్ టాక్స్ ఏమీ పడదు.

ఇక ప్లాట్ సంగతి. అమ్మ వీలునామా రాయకపోతే ఆమె ఆస్తిలో మీకూ అన్నయ్యకీ సమాన వాటా. రిలీజ్ డీడ్ రిజిస్టర్ అయ్యాక వెనక్కి తీసుకోవడం కోర్టుల చుట్టూ తిరిగే పని. జగ్గు ఒక లైను, పూత సామాను ఒక లైను, ప్లాట్ మార్కెట్ ధర ఒక లైను వేసి కాగితం మీద రాసి, ఆ గుర్తుల ఫొటోలు కూడా పెట్టి అన్నయ్య ముందుంచండి. సెట్టు మీద మమకారం ఉంటే సరైన ధర కట్టుకుని మీరే ఉంచుకోండి, ప్లాట్ వాటా మాత్రం డబ్బుగానో స్థలంగానో విడిగా తేల్చుకోండి.