ఎమ్మెస్సీ మ్యాథ్స్‌తో చమురు బావుల వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ అప్లైడ్ మ్యాథ్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. చమురు బావుల ప్రెషర్ టెస్టుల లెక్కల మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. ఇంజినీరింగ్ చదవని పిల్లకు ఆ రంగంలో ఉద్యోగం ఎవరిస్తారు? బీఎడ్ చేయిద్దామనుకుంటున్నాను. మాది రాజమహేంద్రవరం దగ్గర మెట్ట ఊరు, బోరు వ్యవసాయం.
– ఒక తండ్రి

జవాబు: బీఎడ్ ఎక్కడికీ పోదండీ, తర్వాతైనా చేయొచ్చు. ముందు అమ్మాయి చెబుతున్నదేమిటో చూడండి.

మోటార్ ఆపాక బోరులో నీళ్లు ఎంత త్వరగా లేస్తున్నాయో చూసి ఊట సంగతి మీరే చెప్పేస్తారు కదా! చమురు బావిలో బిల్డప్ టెస్టూ అలాంటిదే. బావిని కొంతకాలం పారనిచ్చి మూసేస్తారు. లోపలికి దించిన గేజీ, ప్రెషర్ ఎలా పెరుగుతోందో నమోదు చేస్తుంది.

ఆ లెక్కలు చదవడానికి హార్నర్ అనే నిపుణుడు 1951లో చూపిన పద్ధతి ఇప్పటికీ నేర్పుతున్నారు. బావి 72 గంటలు పారిందనుకోండి. మూసిన 8 గంటలకు, పారిన గంటలూ మూసిన గంటలూ కలిపితే 80; దాన్ని మూసిన 8తో భాగిస్తే 10. ఇరవై నాలుగో గంటకు అలాగే 96ను 24తో భాగిస్తే 4. గంటలు గడిచేకొద్దీ ఇది 1కి దగ్గరవుతుంది. ఈ నిష్పత్తి లాగరిథమ్‌కు ఎదురుగా ప్రెషర్‌ను గుర్తిస్తే, మధ్యలో కొంత మేర సరళరేఖ వస్తుంది. మిగతావన్నీ ఒకేలా ఉంటే, ఆ రేఖ వాలు ఎంత తక్కువైతే రాతిలో చమురు అంత సులువుగా కదులుతున్నట్టు. కొత్త బావిలోనైతే ఆ రేఖను 1 దాకా పొడిగిస్తే చమురున్న రాతి పొర అసలు ప్రెషర్ తెలుస్తుంది.

దీని వెనకున్నది మీ అమ్మాయి చదివే ఉష్ణ సమీకరణం, అంటే వేడి ఎలా పాకుతుందో చెప్పే లెక్క లాంటిదే. దాన్ని సాధించడానికి వాన్ ఎవర్డింజెన్, హర్స్ట్ 1949లోనే లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతి వాడారు. కాబట్టి పునాది ఆమె దగ్గర ఉంది.

అయితే మ్యాథ్స్ పిల్లలు బోల్తా పడేది జియాలజీ దగ్గర. వాలు చివర్లో రెట్టింపైతే పక్కన ఫాల్ట్ (రాతి పొరలు విరిగి జరిగిన చోటు) ఉందనుకోవచ్చు. కానీ ఒకే గ్రాఫుకి రెండు మూడు మోడళ్లు సరిపోతాయి. సాఫ్ట్‌వేర్ గీతను అతికించి ఇస్తుందే గానీ, ఏది నిజమో చెప్పదు.

ఉద్యోగాల మాట దాచను, పోస్టులు తక్కువ. ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీలో రిజర్వాయర్ (భూమిలో చమురున్న పొర) పోస్టులకు గణితం పీజీ వాళ్లను అనుమతించిన సందర్భాలున్నాయి. నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా అర్హతలు చూసుకోవాలి. ఎమ్మెస్సీ తర్వాత పెట్రోలియం వైపు ఎంటెక్ చేస్తే దారి వెడల్పవుతుంది. ధన్‌బాద్ ఐఐటీ లాంటి చోట్ల మ్యాథ్స్ పీజీకి ప్రవేశం ఉందో లేదో ముందే కనుక్కోండి. అటు కుదరకపోతే భూగర్భ జలాల రంగం ఉంది. థీస్ 1935లో నీటి బావుల కోసం ఇచ్చిన సూత్రం కూడా ఇదే కుటుంబం.

ప్రాజెక్టు చేయనివ్వండి. మొదటి హార్నర్ గ్రాఫు మాత్రం సాఫ్ట్‌వేర్ లేకుండా చేత్తో గీయమనండి. గీశాక మీకు చూపించి, ఆ బావి ఊట ఎలాంటిదో చెప్పమనండి.