ఫోన్ చూపిస్తే తప్ప అన్నం తినని రెండేళ్ల బిడ్డకు ఆ అలవాటు మాన్పించడం ఎలా?

ఒకేసారి ఆపేయడమే మేలు. రోజూ ఐదేసి నిమిషాలు తగ్గిస్తూ పోతే బేరం మొదలవుతుంది, ఏడిస్తే దొరుకుతుందని బిడ్డకు తెలిసిపోతుంది. బొమ్మలు చూస్తూ తినే బిడ్డకు కడుపు నిండిన సంగతే తెలియదు. నోరు తెరుస్తుంది, అంతే.

ముందు ఆకలి పుట్టనివ్వాలి. చాలా ఇళ్లలో అసలు చిక్కు పాలతోనే. ఈ వయసుకు రోజుకు 400–500 మి.లీ. చాలు. అంతకు మించితే అన్నానికి చోటుండదు, ఐరన్ తగ్గి రక్తహీనత కూడా రావచ్చు. అన్నానికి రెండు గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప పాలు, బిస్కెట్లు, జ్యూసు ఏవీ వద్దు.

మీతోపాటే కింద కూర్చోబెట్టి, చిన్న పళ్లెంలో పప్పూ నెయ్యీ కలిపిన మెత్తటి అన్నం రెండు మూడు ముద్దలే పెట్టండి. తన చేత్తోనే తిననివ్వండి. కింద పాత చీర పరిస్తే శుభ్రం చేయడం తేలిక. 20–30 నిమిషాలు చూసి, తినకపోయినా తిట్టకుండా పళ్లెం తీసేయండి. మళ్లీ తిండి రెండున్నర, మూడు గంటల తర్వాతే.

మొదటి మూడు నాలుగు రోజులు తిండి తగ్గుతుంది, ఏడుపు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే నానమ్మో తాతయ్యో జాలిపడి ఫోన్ చేతికిస్తారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. వాళ్లతో ముందే మాట్లాడి ఒప్పించండి. ఆ వేళ మీ ఫోన్లు కూడా వేరే గదిలో ఉండాలి.

బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి.